టోకెను నూట పదమూడు

బంగారుపాళ్యం దాటినాక
పల్పు ఫ్యాక్టరీ గేటు దాకా
ట్రాక్టర్లే ట్రాక్టర్లు.
నాది నూట పదమూడు.
చీటీ చొక్కాజేబులో చెమటకి మెత్తబడింది,
తొట్టిలో కాయ కూడా.

మూడు రాత్రులు గడిచాయి.
తోతాపురికి ముక్కుంటుంది చూడండి,
ఆ ముక్కు దగ్గరే మొదలవుతుంది కుళ్లు.
గంటకోసారి బొటనవేలితో నొక్కి చూస్తాను,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు.
తాకితే తగ్గుతుందా?
తగ్గదు. అయినా తాకుతాను.

పోయిన నెల తిరుపతిలో, బస్సుకి టైముందని
పాత పుస్తకాల బండి మీద
అట్ట ఊడినదొకటి కొన్నాను, ఇరవై రూపాయలు.
ఎవరో కుంటాయనంట, ఒకప్పుడు బానిసంట,
సముద్రాల అవతల, రెండువేల ఏళ్ల కిందట.
ఆయన మాటలిప్పుడు నా సీటు కింద
గ్రీజు మరకల్లో ఉన్నాయి.
నీ చేతిలో ఉన్నదేదో, లేనిదేదో
ముందు వేరు చేసుకోమంటాడు.
ఓస్, కాయ గ్రేడింగే కదా అనుకున్నాను.

చేశాను.
ఈ గంపలో ధర, వాన, గేటు,
టోకెన్లిచ్చే కుర్రోడి మొహం,
ఫోనెత్తని మేనేజరు.
పొద్దున ఎనిమిదన్నది మాపటికి ఆరన్న ఆ నోరు.
గంప పొర్లిపోతా ఉంది.

రెండో గంపలో
కాయల మీద కప్పిన తడిగోనె.
డ్రైవరు పిల్లోడు మొగిలి మీద అరవకుండా ఉండటం.
నిన్న అదీ చేతకాలేదు.
వాడు టైరు పక్కన ముడుచుకుని పడుకుంటే
దుప్పటి కప్పి, ఏమీ అననట్టు వచ్చేశాను.

పైకెక్కి చూడమంటాడు ఇంకోచోట,
నీ కష్టం ఎంతదో కనిపిస్తుందంట.
మొగిలి ఘాటు మీంచి చూస్తే
మా లైట్లన్నీ కలిపి ఒక చీమలబారు.
నిజమే.
కానీ చీమకి దాని బెల్లంముక్క
చిన్నదిగా కనిపిస్తుందా స్వామీ?

నూట పద్నాలుగు ధనకోటమ్మది.
మొగుడి కాలు పడిపోయినాక తనే తోలుతుంది ట్రాక్టరు.
సంగటిముద్ద మీద చెనిక్కాయల ఊరిబిండి వేసి
నా చేతిలో పెట్టి
"ఏం చదవతా ఉండావు, హెడ్‌లైటు ముందర?" అంది.
చెప్పాను.
నమిలినంతసేపూ ఏం మాట్లాడలేదు.

"పోయినేడు చెట్లు కొట్టేద్దామన్నాడు మాయన.
ఆ రాత్రంతా కొట్టేసినట్టే అనుకున్నా నేను.
మొద్దులు, రంపప్పొట్టు, బోడినేల, అన్నీ చూసేసినా.
తెల్లారి లేస్తే చెట్లు చెట్ల మాదిరే ఉండాయి.
ఎంత సంతోషమనుకున్నావు!
అప్పు కూడా అట్నే ఉండాదిలే."

ఇది డెబ్బయ్యో పేజీలో ఉందని తర్వాత తెలిసింది.
నేనప్పటికి ముప్పైలో ఉన్నాను.

చెయ్యి కడుక్కుంటా అడిగింది:
"టన్నుకి వంద కిలోలు తరుగు తీస్తా ఉండారే,
అది ఏ గంపలో వేసినావు?"
మొదటి దాంట్లో, అన్నాను.
"ధర నీ చేతిలో లేదు, సరే.
నోరెవరి చేతిలో ఉండాది?"

కోడి కూయకముందే పదకొండు మందిమి
గేటు దగ్గర నిలబడ్డాము.
నా గొంతు వణికింది.
వణకడం నా చేతిలో లేదు,
మాట పూర్తిచేయడం ఉంది.
పూర్తిచేశాను.

గుమాస్తా మా పేర్లు రాసుకున్నాడు.
తరుగు తగ్గించడానికో,
మమ్మల్ని వరస చివరికి తోయడానికో
చెప్పలేదు.
కిటికీ మూశాడు.

వెనక్కొస్తా ఉంటే కడుపు మండుతా ఉంది.
ఈ మంట ఏ గంపలోదో
కుంటాయన ఎక్కడన్నా చెప్పాడేమో వెతకాలి.

మొగిలి లేచి కూర్చున్నాడు.
ముక్కు దగ్గర నల్లబడ్డ కాయొకటి తీసి
కుళ్లినంత మేర కోసి పారేశాను.
మిగిలిన చెక్కకి ఉప్పూ కారం అద్ది వాడికిచ్చాను.
"మొన్న అరిచినాను" అన్నాను.
"ఊఁ" అన్నాడు నోటినిండా.

ఎవరో కేకేశారు, "నలభై రెండూ!"
ముందు బండి పొగ వదిలింది.
గోనె మీద ఇంకో చెంబెడు నీళ్లు చల్లి
బ్రేకు మీంచి కాలు తీశాను.
రెండు గజాలు.