పేజీ తిప్పని మనిషి

పదకొండేళ్ళుగా మా మామగారికి
ఒకే పేజీ చదువుతున్నాను.

కళ్ళకు పొర కమ్మిన ఏడాది నుంచీ
రాత్రి భోజనాలయ్యాక, పొయ్యి పక్కన,
"చదువమ్మా" అంటాడు థాంగ్‌వుంగా.
చదువుతాను.
కానుక పట్టుకుని బలిపీఠం దాకా వెళ్ళినవాడు
తోబుట్టువు గుండెలో గాయం గుర్తొస్తే
దాన్ని అక్కడే దించి వెనక్కి నడవాలన్న చోటు.
"చాలు" అంటాడు.
"తర్వాతది?" అంటే
"ఇది ఇంకా చెయ్యలేదుగా."

ఆయన పద్ధతి అది.
చెయ్యని మాట దాటి ముందుకెళ్ళడమంటే
మెట్టు వదిలేసి దిగడమేనట.
చంఫాయి కొండల్లో మెట్టు తప్పినవాడు
ఎక్కడ తేలతాడో ఎవరూ చెప్పక్కర్లేదు.
తనే చదువుకునే రోజుల్లో
అబద్ధాల దగ్గర ఎనిమిది నెలలు ఆగాడట.
అప్పుల దగ్గర రెండు వానాకాలాలు,
పందిని అమ్మి ఆ వాక్యం దాటాడు.
ఇక్కడ మాత్రం దిగబడిపోయాడు.

తమ్ముడు దోఖూమా.
ఇద్దరికీ కలిపి ఒకటే రంపం, రెండు పిడులది.
ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు,
సగం ఊరి గోడలకు పలకలు కోసినవాళ్ళు.
ఏ మాట దగ్గర తెగిందో అడిగితే
ఇంట్లో అందరికీ దగ్గు వస్తుంది.
తమ్ముడు రంపం భుజానేసుకుని
తియావ్ నది దాటి బర్మా వైపు వెళ్ళిపోయాడు.
ముందు రాత్రే ఈయన
తన వైపు పిడి ఊడబీకి దాచుకున్నాడు.
అక్కడ ఒంటిపిడి రంపం,
ఇక్కడ చూరులో రంపం లేని పిడి.

నా సంగతా?
నాకు ఏ వచనమూ అడ్డం పడలేదు.
ఏటా మొదటినుంచి చివరిదాకా చదివేస్తాను.
పూటపూటా ఎసట్లోకి బియ్యం కొలిచాక
మా ఊరి ఆడవాళ్ళందరిలాగే
పిడికెడు తీసి చర్చి డబ్బాలో పోస్తాను.

పోయినేడు నది అవతల ఊళ్ళు కాలాయి.
మనుషులు దాటి వచ్చారు,
కోళ్ళతో, కుక్కర్లతో,
ఒకామె కుట్టుమిషను తల మాత్రం చంకనెత్తుకుని.
ఫుట్‌బాల్ మైదానంలో నీలం టార్పాలిన్లు లేచాయి.
ఒక సాయంత్రం పదహారేళ్ళ పిల్ల
మా గుమ్మంలో నిలబడి
"రెంపుయీని. దోఖూమా మనవరాలిని" అంది.
"మీ తాత?"
"పోయి మూడేళ్ళయింది."

మామగారు పలకలేదు.
ఆ రాత్రి చదవమనలేదు.
ఇక ఆ పేజీ తిరగదనుకున్నాను.
వెనక్కి నడిచి వెళ్ళడానికి
అవతల మనిషే లేడు.

తెల్లారేసరికి
చర్చి సామాన్ల గదిలోంచి
తడుముకుంటూ రంపం అరువు తెచ్చాడు.
చూరులో పిడి దానికి బిగించబోతే పట్టలేదు.
కాసేపు చేతిలో తిప్పి పొయ్యిలో పెట్టాడు.
ఆ పూట అన్నం దాని మంట మీదే ఉడికింది.

టార్పాలిన్ల కింద గుంజలు పాతాలి,
వాన కొండ ఎక్కుతోంది.
ఒక కొస పిల్లకిచ్చాడు.
తోసింది. రంపం పాములా వంగి దుంగలో ఇరుక్కుంది.
"తొయ్యకూడదు తల్లీ.
లాగడం ఒక్కటే నీ వంతు.
అవతలివాడు లాగేటప్పుడు వదులు."
కొంచెం ఆగాడు.
"మీ తాత ఎప్పుడూ తొయ్యలేదు.
తోసింది నేను."

పిల్లకేం అర్థమైందో.
పిడి గట్టిగా పట్టుకుంది.
మధ్యాహ్నం దాకా కోశారు,
ఆయన కనుబొమల నిండా పొట్టు.

ఆ రాత్రి
"తిప్పమ్మా" అన్నాడు.

పదకొండేళ్ళ పొగకీ వేలి జిడ్డుకీ
కాగితం వెనకదానికి అంటుకుపోయింది.
ఊడుతోంది కానీ
నా వేలే కదల్లేదు.

టార్పాలిన్లు లేచిన వారం నుంచీ
నా పిడికిలి చిన్నదైంది.
డబ్బా ఎవరి ఎసట్లోకి పోతోందో తెలిసి
వేళ్ళ సందుల్లోంచి కాసిని గింజలు
వెనక్కి జారనిస్తున్నాను.
ఎవరూ చూడలేదు. లెక్క నాకు తెలుసు.

"ఏమైంది?"
"ఒక్క నిమిషం" అని లేచి
లోపలికి వెళ్ళాను.
డబ్బా మూత తీసిన చప్పుడు,
బియ్యం పోసిన చప్పుడు,
మళ్ళీ పోసిన చప్పుడు
ఆయనకు వినిపించే ఉంటాయి.

ఏమీ అడగలేదు.
మోకాలి మీద పుస్తకం తెరిచే ఉంచి
నా కోసం అక్కడే ఆగాడు.