రెండు రాత్రుల ప్యాకేజీ

అడ్వాన్సు కట్టకముందు పంపిన ఫొటోలో
గోదావరి గుడారం గుమ్మం దాకా వచ్చి ఉంది.
చించినాడ వంతెన దిగి, మూడుచోట్ల దారడిగి,
పుంతరోడ్డు మీద కారు పొట్ట గీసుకుంటూ వెళ్తే
గుర్రపుడెక్క మూసేసిన మురుగుకోడు,
దాని గట్టున ఆరు గుడారాలు.
నాలుగు అప్పటికే కూలబడి ఉన్నాయి,
ఎవరైనా చెయ్యిచ్చి లేపుతారేమోనని.

"నది ఏదయ్యా?" అన్నాడు మా ఆయన.
కాపలా ఏసుపాదం కొబ్బరితోట అవతలికి చెయ్యి చాపాడు.
"ఆ గట్టెక్కితే కనపడతాదండి.
గట్టు మాత్రం మాది కాదండి."

ఎల్ఐసీ వాయిదా ఒకటి ఆపి వచ్చాం.

కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాత పుక్కిలిస్తే తెలిసే ఉప్పు.
బాత్రూమ్ తలుపుకి గడియ లేదు.
లోపలున్నవాళ్ళు ఏదో ఒకటి పైకి అంటూ ఉండాలి.
మా పెద్దది ఎక్కాలు అప్పజెప్పింది.
పన్నెండో ఎక్కం సగంలో కప్ప కనపడి
కేకతో ముగించింది.

క్యాంప్ ఫైర్ అన్నచోట తడికొబ్బరి డొక్కలు
పొగ మాత్రం ధారాళంగా ఇచ్చాయి.
పులస అన్నది బొచ్చె ముక్కై వచ్చింది.
"పేరు అలా రాయించారండి" అన్నాడు ఏసుపాదం,
ఇంకాస్త పులుసు వేస్తూ.

రాత్రి కరెంటు పోయింది.
చుట్టూ రొయ్యల చెరువులకి జనరేటర్లున్నాయి, మాకు లేదు.
తెల్లార్లూ ఏరేటర్లు నీళ్ళని చిలుకుతూనే ఉన్నాయి.
"అమ్మా, జలపాతమా?" అన్నాడు చిన్నాడు నిద్రలో.
అవున్రా అన్నాను.
తొమ్మిది వేలకి వాడికి నేను చూపించగలిగింది
ఆ ఒక్కటే, అదీ చీకట్లో.

మా ఆయన నాతో మాట్లాడకుండా
దోమల మీద చప్పట్లు కొడుతూ కూర్చున్నాడు.
ఎవరో ఎక్కడో బాగా పాడినట్టు
ఆగి ఆగి చప్పట్లు.
నవ్వొస్తే దిండు కొరికి ఆపుకున్నాను.
మంచం ఊగింది.
ఆయనా ఆపుకుంటున్నాడు.

పొద్దున్నే సామాను సర్దుతుంటే ఓనరు ఫోను.
దుప్పటి మీద మరకట, మూడొందలు పట్టుకుంటాడట.
ఆ మరక మాకంటే ముందు దిగిన అతిథి.
మా ఆయన గొంతు పెంచాడు, తర్వాత తగ్గించాడు,
తర్వాత ఫోను వైపు చూస్తూ ఉండిపోయాడు.
ఏసుపాదం మా కళ్ళలోకి చూడకుండా
డిక్కీలో నాలుగు బొండాలు పెట్టాడు.
"జీతమొచ్చి ఐదు నెల్లండి," అన్నాడు డిక్కీతోనే.

అత్తగారు వరహాలమ్మ మాత్రం
చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళు ఇటుక మీద పెట్టుకుని,
గుర్రపుడెక్క పూలకేసి చూస్తూ కూర్చుంది.
బయల్దేరదాం అత్తయ్యా అంటే లేవలేదు.
"రెండో రాత్రికీ డబ్బు కట్టేశారుగా,
నిన్నట్నించీ నన్నెవరూ టీ అడగలేదే అమ్మాయ్."

బ్యాగు కింద పెట్టి
నేనూ ఓ కుర్చీ లాక్కున్నాను.
దానికి మూడు కాళ్ళే.
ఆవిడ వైపు కాస్త ఒరిగితే ఆగుతుంది.