బత్తాయి తొక్క

గడియారం సెంటర్ల జూసు బండి కాడ
జానీమియా తొక్కలు పారబోసే డబ్బా
ఆరింటి తర్వాత నాది.
"ఏం జేస్తవు బిడ్డా, బర్రెకా?" అన్నడు.
పురుగులకు అన్న.
నవ్విండు. నవ్వుకుంటనే
పిండని కాయలు రెండు సంచిల ఏసిండు.

కాలేజి లాబుల నేను అటెండరును.
సీసాలు కడుగుతా, వాటి మీద పేర్లు రాసేది వేరేటోళ్లు.
అయినా పదేండ్లు కడిగితే
ఏ గొట్టం ఏ గొట్టంల దూరుతదో
చేతికే తెలిసిపోతది.
ఇంట్ల కుక్కర్ మూతకు రాగి గొట్టం బిగించి
బకెట్ నీళ్లల్లకెళ్లి తిప్పితే
రెండు కిలోల తొక్క
చెంచెడు నూనె అయింది.
నీళ్ల మీద తేలింది
పొద్దుగాల అర్రల పడే పలుచటి ఎండ లెక్క.

పోయిన శ్రావణంల
కందుల సంచులల్ల గోలీలు పెట్టిండు మామ.
మందుల దుకాణపాయన
బయట పండుకోమని చెప్పిండట.
బయట వాన.
తెల్లారి తలుపు పలగ్గొట్టినం.
అర్రంత ఎల్లిపాయ వాసన.
సంచులల్ల
ఒక్క పురుగు బతికి లేదు.

ఆ కందులు అత్త ఈదమ్మ అమ్మలే, వండలే,
అడిగినోళ్లకు ఇయ్యలే.
చండూరుల గదే అర్ర, గదే మూల.
ఏడాది తిరిగేసరికి మళ్ల పుచ్చు పట్టింది,
గింజకో తెల్లటి చుక్క,
గింజకో గుండ్రటి తలుపు.
"గోలీ పేరెత్తకు" అన్నది.
"పురుగుతోని ఆగిపోయే మందేమన్న
మీ కాలేజిల ఉన్నదా?"

ఇరవై పురుగులేరి హార్లిక్స్ సీసాల ఏసిన.
దూదికి మూడు చుక్కలు. మూత.
ముందుగాల అన్నీ గోడలెక్కినయి.
ఆనక ఎల్లెలకల పడి
కాళ్లాడిచ్చినయి, తొట్టెల పోరగాండ్ల తీరు.
ఆ మాట అనుకోకుంటే బాగుండు.
తెల్లారి లెక్కబెడితే పందొమ్మిది.
ఇరవయ్యోది మూత మరల సందుల
బతికే ఉన్నది.
గోడ మీద ఇడిచిపెట్టిన.
అత్తకు చెప్పలే.

సీసాల గెలుసుడు అల్క.
సంచి వేరే.
యాభై కిలోల గోనెల నూనె దూది దోపితే
నాలుగు దినాలు ఇల్లంత పండ్ల మార్కెట్.
ఐదో దినం
ఉత్త గోనె వాసన.
నెల తిరగకముందే
ఒక గింజ తలుపు తీసుకొని
కొత్త పురుగు బయటికొచ్చింది
మధ్యాహ్నం నిద్ర లేచినట్టు.
లోపల పెరిగేదానికి
బయట ఏమైందో ఎవరు చెప్పిన్రు?

"ఎగిరిపోయిందత్తా" అన్న,
పరీక్ష తప్పిన పిల్ల లెక్క నిలబడి.
అత్త గోనె మూతి ఇప్పి
మొకమంత లోపలికి పెట్టింది.
"ఎగిరిపోతదా?"
"నిలవదు. దూదిల నిలవదు, అర్రల నిలవదు."
"తలుపేసుకొని పండుకుంటే?"
"ఏమో అత్తా. తలుపు తీసిపెట్టుకుందాం."
చానసేపు ఆమె ఏమనలే.
గోనె దారం ఏలికి చుట్టుకుంటున్నది,
ఇప్పుతున్నది, చుట్టుకుంటున్నది.

"పోయేదే మంచిది" అన్నది.
"పోతే మళ్ల పెడతం.
వాకిలి ఒక్కసారి ఊడిస్తే అయిపోతదా?"
కొంగుల కట్టుకొచ్చిన వావిలాకు
సంచుల నడుమ పరిచింది,
నా నూనెను నమ్మకనో, దానికి తోడనో
అడగలే.

ఆ రాత్రి నులక మంచం
తనే ఈడ్చుకొచ్చింది ఆ అర్రలకు.
ఏడాదికి మొదటిసారి.
తలుపుకు ఇసుర్రాయి అడ్డం పెట్టినం
గాలికి మూసుకోకుంట.
నేను కింద చాప మీద.
కంది గింజలల్ల ఏదో కొరుకుతున్నట్టు
చీకట్ల సన్నగ చప్పుడు,
లేకపోతే అది అత్త పండ్లు నూరుడేమో.

తెల్లారి ఆమె జుట్టు దువ్వుతుంటే
దువ్వెన పండ్లల్ల బత్తాయి వాసన.
మంచం కోడు మీద
ఒక పురుగు పైకెక్కుతున్నది.
ఇద్దరం చూసినం.
చాయ చల్లారేదాక
ఇద్దరం లేవలే.