వాషరు

మత్తికెరెలో మా మేడ మీద
నల్ల ట్యాంకు ఆర్నెల్లుగా కారుతోంది.
ప్లంబర్ నంజుండప్పని
రేపు, రేపంటూ తిప్పి పంపింది నేనే.
ఆ తడిలోనే కదా
దాసరిపిట్ట తోకాడించుకుంటూ తిరిగేది,
పసుపు పొట్టతో,
ఏదో బాకీ వసూలుకొచ్చినట్టు.

పాల లెక్కల డైరీలో దానికీ ఒక గడి:
వచ్చింది, వచ్చింది, ముసురు, వచ్చింది.

ఉగాది వెళ్ళిన మంగళవారం
గడి ఖాళీ.
బుధవారమూ.
హిమాలయాల దాకా పోతుందట.
ఇరవై గ్రాములుండదు,
నా తాళాల గుత్తే అంతకంటే బరువు.

కింది పోర్షన్ గిరిజాంబ
ట్యాంకరు రసీదు పట్టుకుని మెట్లెక్కింది.
న్యాయమే.

మార్చెయ్ నంజుండప్పా, వాషరు.
కాస్త వదులుగా బిగించు.
సెప్టెంబరు ఎంతలో వస్తుంది.