పచ్చ అట్ట

లియాండర్ రిటైరైన రోజు
కేకు కోసిన కత్తిని రుమాలుకి తుడిచి
జేబులోంచి తీసిచ్చాడు నాకు
అరచెయ్యంత పుస్తకం. పచ్చ అట్ట.
ఇరవై రెండేళ్ల పీతల వాసన దానికి.
"చదువు వెర్నా, చదివాకే చెప్పు" అన్నాడు.
ఒప్పుకోమనలేదు. అదే నాకొచ్చిన చిక్కు.

ఫారం మాత్రం ఫ్రిజ్ తలుపు మీదుంది
పఫిన్ పిట్ట బొమ్మ అయస్కాంతం కింద.
యూనియన్ స్టీవార్డు. పేరు, సంతకం, తేదీ.
పాలు తీసినప్పుడల్లా రెపరెపలాడుతుంది,
అప్పిచ్చినవాడు గుమ్మంలో దగ్గినట్టు.

నావల్ల కాదనడానికి కారణాలు బోలెడు.
లైను సూపర్‌వైజరు మా ఆడపడుచు.
ఆదివారం ఒకే బల్ల దగ్గర ఉప్పుమాంసం తింటాం,
ఒకే గిన్నెలో గరిటె పెడతాం.
సోమవారం ఆమె మీద కాగితం రాసి
మళ్లీ ఆదివారం ఏ మొహం పెట్టుకుని
ఆ ఆవాల ముద్ద ఇటందించమంటాను?

చలికాలం భత్యానికి ఇంకా నూటపది గంటలు తక్కువ నాకు.
పీతలైపోతే గంటలూ అయిపోతాయి,
ఎవరికి ఎన్ని గంటలో రాసే చెయ్యి ఆమెదే.
పైగా నాకు కోపమొస్తే ముందు ఏడుపొస్తుంది.
మా ఆయన బూటు లేసు ముడేస్తూ, నా వైపు చూడకుండా,
"లియాండర్ ఇంట్లో ఫోను
సరిగ్గా అన్నాల వేళకే మోగేది" అన్నాడు.
అబద్ధం కాదు.

సరే, ఇదంతా సరే.
జోవెలిన్ దగ్గు మాటేమిటి?

ఇలోయిలో నించి ఈ పొగమంచులోకి మొన్న మే నెలలో వచ్చింది.
మూడో లైనులో నా ఎడమ పక్కే నిలబడుతుంది,
ఉడుకు ఆవిరి మొహాన కొడుతుంటే
పీత కాళ్లు విరుస్తుంది నాకంటే వేగంగా.
మోచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతుంది, నెమ్మదిగా,
దగ్గడం కూడా దొంగతనమైనట్టు.
"పడిశం, మా చలి అలవాటు లేక" అంటుంది ఆడపడుచు.
ఆదివారం ఉండదు ఆ దగ్గు.
సోమవారం పదింటికల్లా హాజరు.
పడిశానికి వారమూ వర్జ్యమూ ఉంటాయా?

ఆ పిల్ల నన్నేమీ అడగలేదు.
ఆమె వీసా కాగితంలో ఉన్నది ఒక్క యజమాని పేరే.

ఒకసారి నన్ను ఆఫీసు గదిలోకి పిలిచినప్పుడు
లియాండర్ నా పక్క కుర్చీలో కూచున్నాడు.
పోట్లాడతాడనుకున్నాను, ఆశపడ్డాను కూడా.
చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు,
పెన్సిలు నాలిక్కి తాకించి
వాళ్లన్న మాటల్ని అన్నట్టే రాసుకోసాగాడు.
గదిలో గొంతులు వాటంతటవే దిగొచ్చాయి.
బయటికొచ్చాక నేనేడుస్తుంటే,
"ఏడువు. రాయడం మానకు" అన్నాడు, అంతే.

రాత్రి వంటింట్లో పచ్చ అట్ట తెరిచాను.
చీమల బారులాంటి అక్షరాలు.
దగ్గు అనే మాట ఎక్కడా లేదు.
గాలి ఉంది, ముప్పై ఒకటో పేజీలో:
పనిచోట గాలి ఎలా ఉండాలో, లేకపోతే ఎవరిని అడగాలో.
ఆ వాక్యం కింద అప్పటికే పెన్సిలు గీత.
మాసిపోతే మళ్లీ గీసినట్టు, రెండోది.
మొదటిది ఎవరి దగ్గుకో ఆలోచిస్తుంటే
రేవు మలుపులో, కిటికీ పక్కన
ఆక్సిజన్ సీసాతో కూచునే హేజెల్ గుర్తొచ్చింది.
రెండోది ఎవరికో తెలియలేదు.

కరెంటు బిల్లు తిరగేసి రాశాను:
మంగళవారం. పది దాటి ఐదు నిమిషాలు. మూడో లైను.
జోవెలిన్. దగ్గు. "పడిశం" అన్నది ఎవరు.
ఆడపడుచు అని రాసి, కొట్టేసి
ఆమె పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.
అది మా ఇంటిపేరే.

ఫారం ఇంకా ఖాళీగానే ఉంది.
ఆదివారం టీలోకి పాలకని ఆమె ఫ్రిజ్ తలుపు తీస్తుంది.
దాన్ని తీసి సొరుగులో దాచబోయాను,
చెయ్యి అయస్కాంతం దాకా వెళ్లింది.

ఉండనీ.
చదవడం ఆమెకీ వచ్చు.