పదకొండో మెట్టు

బడేపల్లి యార్డుల పల్లి సంచులు మోసిన భుజమిది.
బరువంటే నాకు లెక్క తెలుసు.
తడిసిన పత్తి ఎంత అబద్ధమాడుతదో,
తాలు పల్లి ఎంత కులుకుతదో
మీదికెత్తక ముందే చెప్త.

ఆ పొద్దు ఎరువుల దుకాణం మీద రెండో అంతస్తుకు
నల్ల పెట్టె ఒకటి ఎక్కియ్యాలె అన్నరు.
పట్నం నుంచి డీసీఎంల వచ్చింది,
పాత బొంతల చుట్టి, బాలింతను తెచ్చినట్టు.
కుర్మయ్య, ఖాజా, సాయన్న, నేను.
రెండున్నర క్వింటాళ్ళు. ఐదు బియ్యం బస్తాలంత.
గాని బస్తా నోరు మూసుకొని కూసుంటది.
ఇది మెట్టు మెట్టుకు లోపట మూలిగింది.

ప్రసూన మేడం మా ముంగట ఎనక్కెనక్కి ఎక్కుతున్నది.
గోడ గీరుకుంటదని మొత్తుకుంటదనుకున్నం.
చెవి వొంచి,
"అయ్యో, మధ్యమం దిగిపోయింది" అన్నది.
"ఏం దిగలే మేడం, గట్టిగనే పట్టుకున్నం" అన్నడు ఖాజా.

పదకొండో మెట్టు కాడ మలుపు.
ఆడ ఆగినం.
కింద పట్టినోనికి పైన ఏమున్నదో కనవడదు,
పైనోనికి కిందోని మోకాళ్ళు కనవడవు.
అందుకే మా నడుమ మాట ఉండదు, ఊపిరి ఉంటది.
నేను 'హూ' అంటె
మిగిలిన ముగ్గురు సగం ఊపిరి దాసుకుంటరు.
ఆ సగం మీద తిరుగుతది పెట్టె.

కూలి ఇచ్చింది. చాయ్ ఇచ్చింది.
చాయ్‌ల చక్కెర ఎక్కువైంది.

తాడు మరిసిపోయిన. పొద్దుగూకినంక మల్ల పోయిన.
తలుపు తీసే ఉన్నది.
ఒక్క మీట నొక్కుతున్నది. అది గూటం లెక్క నిలవడుతది.
ఆమె గొంతు దాని సుట్టు తిరుగుతది,
పాలు మాన్పిన లేగదూడ
తాడంత దూరం పోయి, తిరిగొచ్చి,
గూటాన్ని మూతితోని పొడిసి, మల్ల పోయినట్టు.
ఓ పారి తాడు తెగిందనుకున్న.
తెగలే. సాగింది.

నన్ను చూసి ఆపింది.
తెల్ల మీట, పక్కన నల్ల మీట చూపెట్టి
"గద్వాలల పదహారేండ్లు నేర్చుకున్న.
నేర్చుకున్నదంతా ఈ రెండింటి నడుమ ఉన్నది.
అది దీనికి రాదు" అన్నది.
మరెందుకు తెచ్చుకుంటివి మేడం, అన్ని పైసలు పెట్టి?
జర సేపు ఏమనలే.
"దీనికి నిలబడుడు వస్తది. నాకు రాదు."

వాళ్ళ సారు నల్లగొండ దిక్కు మనిషంట.
బోరు నీళ్ళ ఫ్లోరైడుకు మెడ బిగుసుకపోయిన మనిషి.
పాట బాగుంటె తలూపలేడు, రెప్పలేస్తడు.
ఆ రెప్ప కోసమే పాడేదంట.
ఆయన పోయిండు.
ఇప్పుడు ఎదురుంగ మీటలున్నయి, రెప్పల్లేనివి.

మల్ల నన్నడిగింది:
"ఆ మలుపు కాడ ఎంతసేపు ఆగిండ్రు?"
ఎవడు లెక్కవెట్టిండు మేడం.
"ఒక్కపారి హూ అనవా?"
సిగ్గైంది. ఖాళీ చేతులతోని హూ రాదు.
తాడు తీసుకోకుంటనే దిగొచ్చిన.

మొన్న పాలమూరుల ఆమె కచేరీ.
కుర్మయ్య రాలే, నడుము పట్టేసింది.
ఎనుక వరుసల కూసున్న.
నిజం చెప్తున్న, శాన సేపు నాకు సమజ్ కాలే.
ముంగట కండువాలాయన గొణుగుతున్నడు,
ఇది కీర్తన గాదు, సిన్మా గాదు, ఇదేందని.
నాకు నిద్ర సుత వచ్చింది.

అప్పుడు ఆమె ఎడమ చెయ్యి
అడుగు నుంచి లేసుడు షురూ చేసింది.
బరువుగ, ఒక్కటొక్కటి, దమ్ము తీసుకుంట.
గొంతు దానికి ముంగట, మీద,
ఎనక్కెనక్కి నడుస్తున్నట్టు.
లెక్కవెట్టుడు ఎప్పుడు మొదలువెట్టిన్నో తెల్వదు.
తొమ్మిది. పది. పదకొండు.

ఆపింది.
రెండు చేతులు గాలిల. నోరు తెరిసే ఉన్నది, పాట లేదు.
హాలంత నిమ్మళం. ఎవరో దగ్గిండ్రు.

నా కుడి భుజం
తనంతల తనే
లేసింది.

పక్క కుర్చీ పిలగాడు
జర దూరం జరిగి కూసున్నడు.