వెలవెలబోయే రాయి

నార్సాక్‌లో ఫిబ్రవరి.
రేవులో మంచుగడ్డలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న చప్పుడు.
వంటింటి బల్ల మీద ఆకురాయి, మైనం, వెండితీగ,
రాత్రి కాఫీ కప్పు వదిలిన గుండ్రటి మరక.

బొలెత్తా వచ్చింది.
బూట్లు విప్పింది గానీ టోపీ తియ్యలేదు.
పిడికిలి తెరిచి బల్ల మీద పడేసింది
మూడేళ్ళ కిందట నేను చేసిన లాకెట్టు.
"చూడు నుకారక్, నీ ఎర్రరాయి.
దొంగసొత్తు అంటగట్టావు నాకు."

నిజమే, వెలవెలబోయి ఉంది,
ఉడికిన చేప కన్నులా.

ఆ రాయి పుట్టుక నాకు తెలుసు.
ఆగస్టు చివర, చీకటి పడ్డాక,
ఊదారంగు దీపం పట్టుకుని
మామయ్యా నేనూ కొండ మీద పాకినంత పని చేశాం.
దీపం సోకిన చోటల్లా బండ కడుపులో నిప్పు రాజుకునేది.
ఒక్క సుత్తిదెబ్బ ఎక్కువైతే పొడి పొడి.
"తుత్తుపిత్. రెయిన్‌డీర్ పేరు పెట్టుకున్న రాయి,
దానిలాగే బెదురుతుంది" అనేవాడు మామయ్య,
"ఊపిరి బిగబట్టి దగ్గరికెళ్ళు."

"ఎక్కడ దాచావ్?" అడిగాను.
"సొరుగులో."
"ఎప్పట్నుంచి?"
"పడవ ఖాళీగా తిరిగొచ్చిన రోజు నుంచి."

అక్టోబరు అది. ఊరంతా ఒడ్డునే ఉన్నాం.
ఎనోక్‌కి ఈత రాదు.
ఆ నీళ్ళల్లో, వచ్చినా ఏం లాభం.

నేను వాదించలేదు.
లాకెట్టు కిటికీ గట్టు మీద,
కెటిల్ పొయ్యి మీద పెట్టాను.
మొదటి కప్పుకి గొర్రెల గురించి మాట్లాడుకున్నాం,
మేత తెచ్చే ఓడ ఆలస్యం, వాళ్ళ బావగారి మోకాలు.
రెండో కప్పుకి ఏమీ మాట్లాడుకోలేదు.
ఎండ కొండ భుజం దిగి గట్టు ఎక్కింది.

మూడో కప్పు చల్లారిపోయింది.
ఆమె కిటికీ దగ్గర వంగి ఉంది.
అంచున మొదలైంది,
చలిలో ఆడొచ్చిన పిల్ల చెవితమ్మె ఎరుపు.
నడుమకి పాకింది.
ఆ తర్వాత, ఎనోక్ నవ్వితే కనబడే చిగుళ్ళ ఎరుపు.
ఆ మాట అన్నది నేను కాదు, ఆమే.
అని నవ్వింది,
నవ్వినందుకు చేత్తో నోరు మూసుకుంది.

"మళ్ళీ సొరుగులో పెడితే?"
"మళ్ళీ పాలిపోతుంది."
"మళ్ళీ ఎండకి తెస్తే?"
"దానికి విసుగు లేదు."

కొక్కెం వదులైందంది, బిగించాను.
డబ్బులొద్దన్నాను. వినలేదు,
కప్పు కింద యాభై క్రోనర్లు నొక్కిపెట్టింది.
గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ
లాకెట్టుని స్వెటర్ లోపలికి జారవిడిచింది,
ఒక్క క్షణం ఆగి, బయటికి లాగింది.

ఎండ ఇంకో గంట ఉంటుందేమో.
ఆమె ఇల్లు ఎడమకి, నాలుగడుగుల్లో.
కుడికి తిరిగి, రేవు చుట్టూ తిరిగే దారి పట్టింది.